గోడ నుంచి గోడకు ఎన్ని బారలు?

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం ఇదేనని పోటీ పరీక్షల పుస్తకాల్లో చాలా ఏళ్లు ఉండేది. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటింది, 2023లో హుబ్బళ్లి గోరఖ్‌పూర్‌నూ దాటింది. రికార్డు పోయినా దూరం మారలేదు. 25 మీటర్ల కొలనులో అంత దూరం ఈదాలంటే గోడ నుంచి గోడకు సుమారు 43 సార్లు వెళ్లాలి. ఇద్దరు మనుషులు పక్కపక్క లేన్లలో ఆ పని మొదలుపెట్టారనుకుందాం. ఒకరు ప్రతిసారీ 18 బారల్లో గోడ అందుకుంటారు. రెండో మనిషికి 26 పడతాయి. పూర్తయ్యేసరికి మొదటి మనిషి వేసినవి 774, రెండో మనిషి వేసినవి 1,118. దూరం ఒకటే, నీళ్లూ అవే. మిగతా 344 బారలు ఎక్కడికి పోయాయి?

గోడ నుంచి గోడకు పడే బారలు లెక్కపెట్టుకోవడం ఈతగాళ్లు చాలాకాలంగా పాటిస్తున్న అలవాటు. దానికి పరికరం అక్కర్లేదు, కోచ్ అక్కర్లేదు, ఖర్చు లేదు. అయినా మన దగ్గర ఈత నేర్చుకున్న వాళ్లలో చాలామంది ఎన్ని రౌండ్లు కొట్టారో చెప్పగలరు గానీ, ఒక రౌండుకు ఎన్ని బారలు పడ్డాయో చెప్పలేరు. లెక్కపెట్టడం మొదలుపెట్టిన వాళ్లలోనూ సగం మంది ఆ లెక్కను తప్పుగా చదువుకుంటారు. తక్కువ పడితే మంచిది, ఇంకా తక్కువ పడితే ఇంకా మంచిది అనుకుంటారు. విషయం అంత తేలికగా లేదు.

మాటలోనే కొలత

తెలుగులో 'బార' అంటే రెండు చేతులూ చాచినప్పుడు ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఉండే పొడవు. బావి లోతు, మోకు పొడవు బారల్లోనే చెప్పేవారు. ఈతలో చెయ్యి ముందుకు చాచి నీళ్లు వెనక్కి లాగడానికీ బార అనే పేరే వచ్చింది. ఇంగ్లిష్ 'స్ట్రోక్'లో కొట్టడం అనే అర్థం ఉంది. మన మాటలో ఉన్నది చాచడం, కొలవడం. ఈత శాస్త్రం వందేళ్లు తిరిగి తేల్చిన సంగతి ఆ మాటలో ముందే ఉన్నట్టుంది: నీటిని ఎన్నిసార్లు కొట్టామన్నది కాదు, ఒక్కో బారకు ఒళ్లు ఎంత దూరం జరిగిందన్నదే అసలు ప్రశ్న.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనుల కోసం వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలది ఇప్పుడు మూడో నాలుగో తరం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, దాని వెనక ప్రధానంగా ఉన్నది ఈ ఊరి తెలుగు జనాభాయే. ఈ కుటుంబాల్లో పెద్దవాళ్లు ఈత నేర్చింది చెరువుల్లో, బెంగాలీలు 'పుకుర్' అనే గుంటల్లో. అక్కడ గోడ లేదు, గీత లేదు. అవతలి ఒడ్డుకు చేరామా లేదా అన్నదే లెక్క. తల నీటిపైనే ఉంటుంది, ఎందుకంటే ఎదురుగా ఏముందో చూసుకోవాలి. పాకుడు, తామర తీగలు, పశువులు, ఏవైనా ఉండొచ్చు. ఆ పరిస్థితికి ఆ ఈత సరైనదే. అదే ఈతతో రైల్వే కొలనులోకో ఐఐటీ ప్రాంగణంలోని కొలనులోకో దిగినప్పుడు మాత్రం 25 మీటర్లకే రొప్పు వస్తుంది. వయసు మీద పడిందని అనుకుంటారు. చాలాసార్లు కారణం వయసు కాదు, మెడ.

చక్రం జారితే

రైల్వే ఊళ్లో ఈ విషయం చెప్పడానికి ఇంజను కన్నా మంచి ఉదాహరణ లేదు. డబ్ల్యూఏపీ-7 ఇంజను కొత్త చక్రం వ్యాసం 1,092 మిల్లీమీటర్లు. అంటే ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 3.43 మీటర్లు జరగాలి, కిలోమీటరుకు 291 చుట్లు పైచిలుకు పడాలి. వాన పడి పట్టాలు తడిసినప్పుడు, పైన జిడ్డు ఉన్నప్పుడు చక్రం జారుతుంది. చుట్లు పెరుగుతాయి, బండి కదలదు, కరెంటు మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. అప్పుడు లోకో పైలట్ ఇంకా పవర్ పెంచడు. పెంచితే మరింత జారుతుంది. పట్టు కోసం పట్టాల మీద ఇసుక వదులుతాడు.

ఈతలో చెయ్యి అలాంటి చక్రమే. తేడా ఏమిటంటే నీటిలో చెయ్యి ఎప్పుడూ ఎంతో కొంత జారుతూనే ఉంటుంది. ప్రపంచ ఛాంపియన్‌కైనా నీరు పట్టాల్లా గట్టిగా ఆనదు. ఆ జారుడు ఎంత అన్నదే మనిషికీ మనిషికీ మధ్య తేడా. దీనికి తోడు గాలి కన్నా నీరు సుమారు 800 రెట్లు చిక్కన. నీటి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 25 మీటర్లు 30 సెకన్లలో ఈదే మనిషి అదే పద్ధతిలో, అదే భంగిమలో 28 సెకన్లకు దిగాలంటే వేగం పెరిగేది 7 శాతమే, శక్తి మాత్రం సుమారు 23 శాతం ఎక్కువ కావాలి. బలం మీద ఆధారపడే దారి అందుకే త్వరగా మూసుకుపోతుంది. నిరోధాన్ని తగ్గించే దారి చాలాకాలం తెరిచే ఉంటుంది. బారల లెక్క ఈ రెండో దారిలో ఎంత దూరం వచ్చామో చెప్పే గుర్తు.

లెక్క ఎలా పెట్టాలి

ఫ్రీస్టైల్‌లో ఏ చెయ్యి నీటిలో పడినా అది ఒక బార. కుడి ఒకటి, ఎడమ రెండు. కొందరు కోచ్‌లు రెండు చేతులూ కలిపి ఒకటిగా లెక్కిస్తారు, దాన్ని సైకిల్ అంటారు. ఏ పద్ధతైనా ఫర్వాలేదు గానీ మధ్యలో మార్చకూడదు. బ్యాక్‌స్ట్రోక్‌లోనూ ఫ్రీస్టైల్‌లాగే. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో రెండు చేతులూ ఒకేసారి కదులుతాయి కాబట్టి అక్కడ ఒక లాగుడు ఒక బార.

అందరూ పట్టించుకోని విషయం గోడను తన్నడం. కాళ్లతో గోడను బలంగా తన్ని, చేతులు చాచి జారుతూ 5 మీటర్లు పోయిన మనిషి ఇక ఈదాల్సింది 20 మీటర్లే. 2 మీటర్లకే పైకి తేలిన మనిషి 23 మీటర్లు ఈదాలి. ఇవాళ గట్టిగా తన్ని, రేపు మెల్లగా తన్ని రెండు లెక్కలూ పోల్చుకుంటే చేతి పని గురించి ఏమీ తెలియదు. ప్రతిసారీ ఒకేలా తన్నాలి, ఒకేచోట పైకి రావాలి. పోటీ నిబంధనలు ఫ్రీస్టైల్‌లో గోడ నుంచి 15 మీటర్ల లోపు తల నీటిపైకి రావాలంటాయి. సాధన చేసే మామూలు మనిషికి ఆ హద్దుతో పనిలేదు, 5 మీటర్లు చాలు.

కొలను పొడవు మారినా లెక్క తప్పుదారి పట్టిస్తుంది. 25 మీటర్లకు 18 బారలు పడే మనిషికి 50 మీటర్ల కొలనులో 36 పడతాయనుకుంటే పొరపాటు. మొదటి దాంట్లో తన్నుడు పోను 20 మీటర్లు, అంటే బారకు 1.11 మీటర్లు. రెండో దాంట్లో ఈదాల్సింది 45 మీటర్లు, ఎందుకంటే మధ్యలో తన్నడానికి గోడ లేదు. అదే బారతో 40 దాటుతాయి. పొట్టి కొలను నుంచి పొడుగు కొలనుకు మారిన పిల్లలు "నా ఈత పాడైంది" అని బెంగపడేది ఈ నాలుగు బారల వల్లే.

ఎన్ని పడితే బాగున్నట్టు? దీనికి ఒకే జవాబు లేదు. 25 మీటర్లకు 25 నుంచి 30, అంతకు మించి పడుతుంటే నేర్చుకునే దశ. క్రమంగా సాధన చేసే పెద్దవాళ్లలో చాలామంది 16 నుంచి 22 మధ్య ఉంటారు. పొడగరి, చేతులు పొడుగ్గా ఉన్నవాళ్లకు సహజంగానే తక్కువ పడతాయి. అయిదడుగుల మనిషి ఆరడుగుల మనిషి లెక్కతో పోటీ పడితే మిగిలేది నిరాశే. నిన్నటి తన లెక్కతో ఇవాళ్టి తన లెక్కను పోల్చుకోవడానికే ఈ పద్ధతి.

గడియారం లేని లెక్క

ఇక్కడి నుంచే అసలు చిక్కు. ఈత వేగం అంటే బార పొడవును బారల జోరుతో గుణించగా వచ్చేది. బార పొడవు పెంచుకోవడానికి తేలికైన మోసం ఒకటుంది: ఒక చెయ్యి ముందుకు చాచి, అలాగే ఆగిపోయి, జారుతూ ఉండటం. లెక్క 20 నుంచి 15కు దిగుతుంది, ఈదుతున్నవారికి సంతోషం కలుగుతుంది. కానీ ప్రతి బార తర్వాతా ఒళ్లు దాదాపు ఆగిపోయి, మళ్లీ కదలాల్సి వస్తుంది. ఆగుతూ కదులుతూ పోయే ప్యాసింజర్ బండికీ, ఒకే వేగంతో సాగే బండికీ ఖర్చులో ఎంత తేడానో, ఇక్కడా అంతే.

అందుకే బారలతో పాటు సెకన్లూ కలిపి చూస్తారు. ఈ కూడికకు స్విమ్మింగ్, గోల్ఫ్ అనే రెండు మాటలు కలిపి 'స్వోల్ఫ్' అని పేరు పెట్టారు. గోల్ఫ్‌లో లాగే ఇక్కడా తక్కువ వస్తే మేలు. ఒకే మనిషి 25 మీటర్లు మూడు రకాలుగా ఈదాడనుకుందాం. మొదటిసారి బాగా జారుతూ 16 బారలు, 38 సెకన్లు: మొత్తం 54. రెండోసారి 19 బారలు, 30 సెకన్లు: 49. మూడోసారి శక్తంతా పెట్టి 24 బారలు, 28 సెకన్లు: 52. బారలే చూస్తే మొదటిది గొప్ప. గడియారమే చూస్తే మూడోది గొప్ప. ఎక్కువ దూరం పోగలిగేది మాత్రం రెండో ఈతతోనే. మొదటిదాంట్లో మూడు బారలు మిగుల్చుకోవడానికి ఎనిమిది సెకన్లు పోశాడు. మూడోదాంట్లో రెండు సెకన్ల కోసం అయిదు బారలు తగలేశాడు.

ఈ కూడికకూ పరిమితులున్నాయి. సెకన్లనూ బారలనూ కూడటమంటే కిలోలనూ లీటర్లనూ కలపడం లాంటిది, దాని వెనక భౌతికశాస్త్రం ఏమీ లేదు. వేర్వేరు మనుషుల మధ్య, వేర్వేరు పొడవుల కొలనుల మధ్య దాన్ని పోల్చడం అనవసరం. చేతి గడియారాలు ఈ లెక్కను వాటంతట అవే చూపిస్తాయి. అయితే చాలా గడియారాలు కట్టుకున్న చేతి కదలికనే లెక్కపెడతాయి, అంటే అవి చూపే 10 నిజానికి 20 బారలు. వాట్సాప్ గ్రూపుల్లో ఒకరి స్వోల్ఫ్ చూసి మరొకరు కుంగిపోయే ముందు ఈ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది.

పరిశోధన చెప్పింది, ఛాంపియన్లు చేసింది

అమెరికాలో ఆల్బర్ట్ క్రెయిగ్, డేవిడ్ పెండర్‌గాస్ట్ 1979లో పోటీ ఈతగాళ్ల మీద చేసిన అధ్యయనం ఈ రంగంలో ఇప్పటికీ ఆధారంగా నిలిచే పని. బారల జోరు పెరిగేకొద్దీ బార పొడవు తగ్గుతుందని, ప్రతి మనిషికీ ఈ రెండూ కలిసి ఎక్కువ వేగం ఇచ్చే ఒక జోడీ ఉంటుందని అది చూపింది. తర్వాత క్రెయిగ్ బృందం 1976, 1984 సంవత్సరాల అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ ఫైనల్స్‌ను పోల్చి చూసింది. ఎనిమిదేళ్లలో పెరిగిన వేగం ఎక్కువగా బార పొడవు పెరగడం వల్ల వచ్చిందని తేలింది. ఫైనల్‌కు చేరినవాళ్లలో ముందున్నవారి బార పొడవు సాధారణంగా వెనకవాళ్ల కన్నా ఎక్కువ. పొడుగు పందేల్లో అలసట వచ్చినప్పుడు ముందుగా కుదించుకుపోయేదీ బార పొడవే.

ఈ ఫలితాలే 1990ల్లో ఒక ధోరణికి దారి తీశాయి. రష్యన్ ఈతగాడు అలెగ్జాండర్ పొపోవ్ 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా ఒలింపిక్స్ రెండింటిలోనూ 50, 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణాలు గెలిచాడు. పక్క లేన్లలో వాళ్లు నీళ్లు చిమ్ముతుంటే అతను తొందర లేనట్టు కనిపించేవాడు. కోచ్ గెన్నడీ టురెట్‌స్కీ దగ్గర అతను నెమ్మదిగా, పొడుగు బారలతో చాలా దూరాలు సాధన చేశాడు. అమెరికాలో టెరీ లాఫ్లిన్ ఇదే ఆలోచనను 'టోటల్ ఇమ్మర్షన్' పేరుతో మామూలు జనానికి, ముఖ్యంగా పెద్దవయసులో ఈత మొదలుపెట్టినవాళ్లకు చేర్చాడు. బారల లెక్క ఇళ్లలోకి వచ్చింది ఎక్కువగా అతని పుస్తకాలు, శిబిరాల వల్లనే.

మరోవైపు జానెట్ ఇవాన్స్ ఉంది. ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, అంతర్జాతీయ ఈతలో పొట్టి కిందే లెక్క. చేతులు చాచి, వంచకుండా, గాలిమర రెక్కల్లా తిప్పుతూ ఈదేది. పొడుగు బారల పాఠాలన్నిటికీ విరుద్ధం. ఆమె 1988 సియోల్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. 1989లో 800 మీటర్ల ఫ్రీస్టైల్‌లో పెట్టిన 8 నిమిషాల 16.22 సెకన్ల ప్రపంచ రికార్డు 2008 దాకా నిలిచింది. ఆమెకు పట్టే బారలు పక్క లేన్ల కన్నా చాలా ఎక్కువ, కానీ తన ఎత్తుకు, తన గుండె సామర్థ్యానికి కుదిరిన జోడీ అది. ఏ కోచ్ అయినా పుస్తకం చదివి ఆమె బారలు తగ్గించాలని పట్టుబట్టి ఉంటే ఆ రికార్డు ఉండేదే కాదు.

ఫ్రాన్స్‌కు చెందిన డిడియర్ షోలే బృందం 2000లో రెండు చేతుల మధ్య సమయాన్ని కొలిచే ఒక సూచికను ప్రతిపాదించింది. నెమ్మదిగా ఈదేటప్పుడు ఒక చెయ్యి పని ముగించాక కాస్త ఖాళీ వచ్చి రెండో చెయ్యి పని మొదలవుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఖాళీ పోతుంది, స్ప్రింట్‌లో రెండు చేతుల పనీ కొంత ఒకదాని మీద ఒకటి పడుతుంది. అంటే 50 మీటర్ల పందెంలో బారలు పెరగడం లోపం కాదు, అవసరం. కిలోమీటరు ఈతకు పనికొచ్చే లెక్కతో 50 మీటర్ల పందేన్ని కొలవకూడదు.

లెక్క తగ్గేది చేతులతో కాదు

బారలు తగ్గించుకోవాలనగానే అందరూ చేతులు గట్టిగా లాగుతారు. మొదటి నాలుగైదు బారలు నిజంగానే తగ్గేది తల దగ్గర. తల పైకెత్తితే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. ఒళ్లు నీటిలో ఏటవాలుగా నిలబడి ఎదురు నీటిని రొమ్ముతో తోస్తుంది. చూపు కొలను అడుగున ఉన్న నల్లగీత మీద పెట్టి, నడినెత్తి ఎదుటి గోడ వైపు ఉంచితే కాళ్లు వాటంతట అవే పైకి వస్తాయి. చెరువు ఈత అలవాటైనవాళ్లకు ఇది అన్నిటికన్నా కష్టం. ముఖం నీటిలో పెట్టగానే ఊపిరి బిగబడుతుంది. నీటిలోపల ముక్కుతో, నోటితో నెమ్మదిగా ఊపిరి వదలడం రానిదే తల దిగదు. ఊపిరి లోపలే వదిలేస్తే పక్కకు తిరిగినప్పుడు పీల్చడానికి మాత్రమే సమయం చాలు. తల ఎత్తాల్సిన అవసరమే రాదు.

తర్వాతది ఒళ్లు పక్కలకు దొర్లడం. బల్లపరుపుగా పడుకుని ఈదే మనిషి కన్నా భుజాలు కాస్త అటూ ఇటూ దొర్లించే మనిషి చెయ్యి ముందుకు ఎక్కువ దూరం అందుతుంది. ఆ తర్వాతే చెయ్యి. మోచెయ్యి కిందికి జారకుండా పైన ఉంచి, అరచెయ్యీ ముంజెయ్యీ రెండూ కలిసి తెడ్డులా నీటిని వెనక్కి తోయాలి. కిందికి నొక్కితే ఒళ్లు పైకి లేస్తుంది తప్ప ముందుకు పోదు. దీన్ని పట్టుకోవడానికి పాత సాధన ఒకటుంది: రెండు పిడికిళ్లూ బిగించి ఒక లెంగ్త్ ఈదడం. లెక్క 20 నుంచి 26, 28కి పెరుగుతుంది. నాలుగైదు సార్లు చేస్తే ముంజెయ్యి నీటిని పట్టడం నేర్చుకుని అది 24కు దిగుతుంది. అప్పుడు పిడికిలి విప్పి ఈదితే అరచెయ్యి తెడ్డంత వెడల్పు అయినట్టు అనిపిస్తుంది. ఆ లెంగ్త్‌లో పడే లెక్కను రాసుకోవాలి.

లెక్కను ఒక అంకె దగ్గర బిగించకుండా గేర్లలా వాడుకోవడం ఇంకా మంచి సాధన. మొదటి లెంగ్త్ 17 బారల్లో, తర్వాతది 18లో, 19లో, 20లో. ప్రతిసారీ సెకన్లు చూసుకోవాలి. ఒక బార పెంచితే సమయం రెండు సెకన్లు తగ్గితే ఆ బార పనికొచ్చింది. ఒక బార పెరిగినా సమయం కదలకపోతే చెయ్యి జారుతోంది, ఆ గేరు ఆ మనిషికి ఇంకా రాలేదు.

అన్నిటికన్నా ఉపయోగమైన లెక్క అలసటలో తీసేది. 50 మీటర్లు ఎనిమిది సార్లు, మధ్యలో ఒకే విరామంతో, ఒకే సమయంలో ఈదాలి. మొదటి మూడూ 38, 38, 39 పడి, ఆరోది 43 పడితే, ఆరోదాని దగ్గర ఏదో విరిగింది. ఊపిరి చాలక తల లేచిందో, కాళ్లు జారాయో, మోచెయ్యి పడిందో. సమయం అప్పటికీ అంతే ఉండొచ్చు, ఎందుకంటే మనిషి కష్టపడి కప్పిపుచ్చుతాడు. గడియారం ఎనిమిదోదాని దగ్గర చెప్పేదాన్ని బారల లెక్క ఆరోదాని దగ్గరే చెబుతుంది. పాడైన ఈతను అదే పనిగా కొనసాగిస్తే ఒళ్లు దాన్నే నేర్చుకుంటుంది. కాబట్టి లెక్క నాలుగు పెరిగినచోట ఆపి, విరామం పెంచి మళ్లీ మొదలుపెట్టాలి.

పందెం ఎవరిది, భుజం ఎవరిది

ఖరగ్‌పూర్‌లో ఆటలంటే సరదా ఒక్కటే కాదు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా అనేది ఇక్కడ ఇంటింటికీ తెలిసిన మాట. 2001 నుంచి 2003 దాకా ఈ స్టేషన్‌లో టికెట్లు తనిఖీ చేసిన మహేంద్ర సింగ్ ధోనీ ఆ కోటాలో వచ్చినవాడే. జాతీయ ఈత పోటీల్లోనూ రైల్వేలు సొంత జట్టుగా దిగుతాయి. ఉద్యోగం దాకా వెళ్లేది ఎక్కడో ఒకరు. కానీ ఆ ఆశతో కొలనుకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు చాలామంది. అక్కడ కోచ్ చూసేది స్టాప్‌వాచ్, తండ్రి చూసేదీ అదే. పన్నెండేళ్ల పిల్ల సెకను తగ్గించిందా అన్నదే వార్త. ఆ సెకనుకు ఎన్ని బారలు ఖర్చయ్యాయని అడిగేవారు అరుదు.

ఇది ఎందుకు పట్టించుకోవాలో చిన్న గుణింతం చెబుతుంది. రోజుకు 5 కిలోమీటర్లు ఈదే పిల్లకు 25 మీటర్లకు 20 బారలు పడితే రోజుకు 4,000 బారలు. 24 పడితే 4,800. వారానికి ఆరు రోజులంటే 4,800 బారలు అదనం, ఒక్కో భుజానికి 2,400. పోటీ ఈతగాళ్లలో తరచుగా వచ్చే గాయం భుజానిదే. ఇంగ్లిష్‌లో దానికి ఈతగాడి భుజం అనే పేరే స్థిరపడింది. అరిగేది కీలు కాబట్టి సెకను తగ్గినా బారలు పెరిగితే అది అప్పు మీద తెచ్చిన లాభం. పదిహేనేళ్లు వచ్చేసరికి భుజం నొప్పితో కొలను మానేసిన పిల్లకు కోటా గురించి మాట్లాడి లాభం లేదు. పందెం ఫలితాల పక్కన బారల లెక్క కూడా రాసిపెట్టడం ఏ కోచ్‌కైనా నిమిషం పని.

గోడ లేని చోట

సముద్రంలో గోడ ఉండదు కాబట్టి లెక్క తలకిందులవుతుంది. అక్కడ దూరానికి బారలు కాదు, నిమిషానికి ఎన్ని బారలన్నది లెక్కపెడతారు. 1959 సెప్టెంబర్ 29న కోల్‌కతాకు చెందిన ఆరతీ సాహా 16 గంటల 20 నిమిషాలు ఈది ఇంగ్లిష్ చానల్ దాటిన తొలి ఆసియా మహిళ అయింది. అలాంటి ఈతల్లో పడవ మీద ఉండే పరిశీలకుడు నిర్ణీత వేళల్లో నిమిషానికి పడే బారలను నమోదు చేస్తాడు. ఆ అంకె ఉన్నట్టుండి పడిపోతే చలి ఒంటికి ఎక్కుతోందని అర్థం. అప్పుడు మనిషితో మాట్లాడించి చూస్తారు, అవసరమైతే బయటికి లాగుతారు.

2021 మార్చిలో తెలుగు ఈతగత్తె గోలి శ్యామల నలభై ఏడేళ్లు దాటిన వయసులో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదింది. దూరం సుమారు 30 కిలోమీటర్లు. 2004లో బెంగాల్‌కు చెందిన బులా చౌదరి తర్వాత దాన్ని దాటిన మహిళ ఆమే. నిమిషానికి 50 బారలని ఊహించుకున్నా 823 నిమిషాలకు 41 వేలు దాటుతాయి. ఒక్కో బార ఇరవయ్యో వంతు కురచయితే ఇంకో రెండు వేల బారలు అదనంగా వెయ్యాలి, అదీ చివరి గంటల్లో.

చెరువులోనే ఈదే మనిషికీ ఓ దారి ఉంది. రెండు రేవుల మధ్యో, రెండు చెట్ల మధ్యో దూరం ఎంతైనా కానీ, అదే దూరం అదే నెమ్మదితో ఈదుతూ వారానికోసారి లెక్క రాసుకోవచ్చు. గాలి లేని పొద్దున్నే చూసుకోవాలి, ఎదురు అల ఉంటే లెక్క అయిదారు బారలు మారిపోతుంది. ఒంటరిగా మాత్రం దిగకూడదు. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు, వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. అంకెల మీద ధ్యాస పెట్టిన మనిషికి ఒడ్డు ఎంత దూరమైందో తెలియకపోవచ్చు, అందుకే లెక్కపెట్టేవారు నీటిలో ఉంటే చూసేవారు ఒడ్డున ఉండాలి.

కొలనులో మొదటి వారం చేయాల్సింది చాలా తక్కువ. ఏమీ మార్చకుండా, మామూలుగా ఈదేలాగే నాలుగు లెంగ్త్‌లు ఈది బారలూ సెకన్లూ రాసుకోవాలి. లెక్కపెడుతున్నామన్న స్పృహతోనే మొదటి రోజు ఒకటి రెండు బారలు తగ్గుతాయి, ఆ రోజు అంకెను పక్కన పెట్టాలి. మూడో రోజు పడే అంకె అసలుది.